మూడు స్క్రూలున్నాయని మూడు ఫేజులూ కలపొద్దు

ప్రశ్న: అన్నా, మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి తలుపులు, పూజా మందిరాలు చేసే వడ్రంగి షెడ్డు ఉంది. నేను మెకానికల్ డిప్లొమా చేశాను. ఖాళీ దొరికినప్పుడల్లా కష్టపడి కంప్యూటర్ నడిపితే చెక్క చెక్కే నాలుగడుగులు, రెండడుగుల సీఎన్‌సీ రౌటర్ ఒకటి కట్టుకున్నాను. 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (బిట్టుని తిప్పే మోటారు), దానికి జతగా దాని వేగాన్ని మార్చే హువాన్‌యాంగ్ రకం వీఎఫ్‌డీ డ్రైవ్ కొన్నాను. డ్రైవ్ మీద ఇన్‌పుట్ 220 వోల్టులు అని, స్పిండిల్ మీద 220 వోల్టులు, 8 ఆంపియర్లు, 400 హెర్ట్జ్, 24000 ఆర్‌పీఎం అని ఉంది. ఇంట్లో 16 ఆంపియర్ల ప్లగ్‌కి పెట్టి రన్ నొక్కగానే ఆర్‌సీసీబీ, అంటే లీకేజీని పసిగట్టే స్విచ్, పడిపోయింది. ఫ్రెండ్ వచ్చి ఎర్త్ వైరు తీసేస్తే ట్రిప్ అవడం ఆగింది కానీ, స్పిండిల్ సరిగ్గా తిరగకుండా గుయ్యిమని మోగి చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. డిస్‌ప్లేలో 50 చూపించింది. పైగా స్పిండిల్ ఆన్ చేసినప్పుడల్లా మెషీన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ కంట్రోలర్‌లో, మెషీన్ అంచుకి చేరినట్టు లిమిట్ అలారం వస్తోంది. మా ఎలక్ట్రీషియన్ గారేమో డ్రైవ్‌కి ఆర్, ఎస్, టి అని మూడు స్క్రూలున్నాయి కదా, షెడ్డులో త్రీఫేజ్ ఉంది, అది కలిపితే సరిపోతుంది అంటున్నారు. శనివారం వస్తారట. కలిపించమంటారా? స్టెబిలైజర్ కూడా కొనాలా?

జవాబు: ముందు ఆ ప్లగ్ పీకి పక్కన పెట్టి, తర్వాత మిగతాది చదవండి. ఎర్త్ తీసేసిన మెషీన్‌ని ఒక్కసారి చూద్దామని కూడా మళ్లీ ఆన్ చేయొద్దు.

మీరు రాసిన వాటిలో ఒకటి ఇంకా జరగలేదు కాబట్టి దాంతో మొదలుపెడతాను. శనివారం వచ్చే ఎలక్ట్రీషియన్ గారిని మూడు ఫేజులూ తెచ్చి డ్రైవ్‌కి కలపనివ్వకండి. ఆయన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. రోజూ మోటారు స్టార్టర్లు కలిపే చేతికి మూడు స్క్రూలు కనబడితే మూడు ఫేజులే గుర్తొస్తాయి. కానీ మన త్రీఫేజ్‌లో ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య 415 వోల్టులు ఉంటాయి. మీ డ్రైవ్ 220 వోల్టులది. జపాన్, అమెరికా లాంటి చోట్ల 200 నుంచి 240 వోల్టుల త్రీఫేజ్ దొరుకుతుంది, మూడో స్క్రూ అలాంటి సప్లై ఉన్నవాళ్ల కోసం.

డ్రైవ్ లోపల మొదట జరిగేది వచ్చిన ఏసీని డీసీ చేసి కెపాసిటర్లలో నింపుకోవడం. 230 వోల్టుల ఏసీ ఇస్తే ఆ డీసీ సుమారు 325 వోల్టులు అవుతుంది. 415 ఇస్తే సుమారు 585. ఈ తరగతి డ్రైవ్‌లలో మామూలుగా వేసేవి 400 వోల్టుల కెపాసిటర్లు. స్విచ్ వేసిన మరుక్షణం అవి దీపావళి బాంబుల్లా పేలతాయి. ఆ తర్వాత ఆ డబ్బా ఎవరూ బాగుచేయలేరు.

మీకు త్రీఫేజ్ అసలు అక్కర్లేదు. సింగిల్ ఫేజ్ తీసుకుని స్పిండిల్‌కి కావలసిన త్రీఫేజ్‌ని తానే తయారుచేసి ఇవ్వడమే వీఎఫ్‌డీ పని. షెడ్డులోని మీటర్ నుంచే ఒక ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తీసుకుని మెషీన్‌కి ప్రత్యేకంగా ఒక లైన్ లాగించండి. వైరు 4 స్క్వేర్ ఎంఎం రాగిది, 25 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ. 2.2 కిలోవాట్లకు పది ఆంపియర్లు చాలు కదా అనిపించవచ్చు. సింగిల్ ఫేజ్ మీద నడిచే డ్రైవ్ కరెంటుని నిదానంగా కాకుండా గుక్కలు గుక్కలుగా లాగుతుంది. అందుకే ఫుల్ లోడ్‌లో ఇన్‌పుట్ వైపు 20 ఆంపియర్లు దాటిపోవచ్చు. ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ టెస్టింగ్‌కి సరిపోతుందేమో గానీ, టేకు చెక్క మీద గంటల తరబడి చెక్కడానికి పనికిరాదు.

ఫేజు, న్యూట్రల్ ఏ రెండు స్క్రూలకు ఇవ్వాలో మీ మోడల్ మాన్యువల్‌లో సింగిల్ ఫేజ్ బొమ్మ చూసి కలపండి. చాలావాటిలో ఆర్, టి ఉంటాయి, కొన్నిట్లో ఆర్, ఎస్. యు, వి, డబ్ల్యూ స్క్రూలు స్పిండిల్‌కి మాత్రమే. సప్లై పొరపాటున అక్కడికి వెళితే డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. వైరు చివరలను సోల్డర్ చేసి బిగించే అలవాటుంటే మానేయండి, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. పిన్ లగ్గులు కొట్టి బిగించండి. మూత తీసే ముందు కరెంటు ఆపి పది నిమిషాలు ఆగాలి. కెపాసిటర్లలో ఆ 325 వోల్టులు అప్పటికప్పుడు దిగిపోవు. డిస్‌ప్లే ఆరిపోయిందని చెయ్యి పెట్టొద్దు, డీసీ టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టి చూశాకే ముట్టుకోండి.

ఇప్పుడు ఎర్త్ సంగతి. మీ ఫ్రెండ్ చేసిన పని వల్ల ఆర్‌సీసీబీ నోరు మూసుకుందే తప్ప లీకేజీ ఎక్కడికీ పోలేదు. వీఎఫ్‌డీ సెకనుకు వేలసార్లు కరెంటుని ఆన్, ఆఫ్ చేస్తూ పనిచేస్తుంది. ఆ వేగానికి కేబుల్ నుంచి, వైండింగ్ నుంచి బాడీలోకి ఎంతోకొంత కరెంటు కారుతూ ఉంటుంది. నాయిస్ ఫిల్టర్ ఉన్న డ్రైవ్ అయితే దాని కెపాసిటర్ల ద్వారా ఇంకొంచెం. ఎర్త్ ఉంటే అది ఎర్త్ గుండా పోతుంది, ఆర్‌సీసీబీ దాన్ని పసిగట్టి పడిపోతుంది. ఎర్త్ తీసేస్తే మెషీన్ బాడీ మీదే నిలబడుతుంది. టెస్టర్ పెట్టి చూస్తే వెలుగుతుంది. పక్కనే నీళ్ల పంపు, నీళ్ల గొట్టాలు, తడి చేతులు. ఇక నేను చెప్పనక్కర్లేదు.

అలాగని ట్రిప్ అయిన ప్రతిసారీ డ్రైవ్ స్వభావమేలే అని సరిపెట్టుకోకూడదు, నిజంగానే లోపం ఉండొచ్చు. స్పిండిల్ కేబుల్‌ని డ్రైవ్ నుంచి పూర్తిగా విప్పి, ఒక్క స్పిండిల్‌ని మాత్రం 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూపించండి. కొత్త స్పిండిల్ పదుల మెగా ఓమ్‌ల పైనే చూపించాలి. ఒకటీ రెండూ చూపిస్తే లోపలికి నీళ్లు దిగాయేమో చూడాలి, లేదా మీరు దాన్ని వేడెక్కించినప్పుడు ఇన్సులేషన్ దెబ్బతిని ఉండవచ్చు. డ్రైవ్‌కి మాత్రం మెగ్గర్ పెట్టనివ్వకండి, అది తట్టుకోదు. ఇంకొకటి కూడా చూడండి. పాత ఇళ్లలో ఒక గది న్యూట్రల్ తెచ్చి ఇంకో గదికి కలిపేసి ఉంటారు, ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ ముట్టుకుని ఉంటాయి. అలాంటి చోట పెద్ద లోడ్ ఏది పెట్టినా ఆర్‌సీసీబీ పడిపోతుంది.

ఇవన్నీ బాగున్నాయని తేలాక కొత్త లైన్‌కి వేరే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇళ్లలో మామూలుగా వేసే 30 మిల్లీ ఆంపియర్ల ఏసీ రకం డ్రైవ్‌లకు సరిపడదు. ఊరికే పడిపోవడం ఒక ఇబ్బంది. డీసీ కలిసిన లీకేజీని అది సరిగా పట్టుకోలేకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. డ్రైవ్ మాన్యువల్ ఏ రకం చెబితే ఆ రకం కొనండి. సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లకు ఎఫ్ రకం ఉంది, అన్నిటికీ పనికొచ్చేది బి రకం. బి రకం ఖరీదు చూసి గుండె ఆగినంత పనవుతుంది, అది వేరే విషయం.

ఎర్త్ ఎలా కలపాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ లిమిట్ అలారం మూలం కూడా సగం ఇక్కడే ఉంది. స్పిండిల్ తల మీద నాలుగు పిన్నుల గుండ్రటి ప్లగ్ ఉంటుంది. మూడు పిన్నులు వైండింగ్‌వి. నాలుగోది ఎర్త్ అని అందరూ అనుకుంటారు. తక్కువ ధర స్పిండిళ్లలో చాలావాటికి ఆ పిన్ను లోపల దేనికీ కలిసి ఉండదు. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, ఒక మొన నాలుగో పిన్ను మీద, ఇంకోటి స్పిండిల్ బాడీ మీద ఆనించండి. బీప్ రాకపోతే పై మూత నాలుగు స్క్రూలు విప్పి, నాలుగో పిన్ను నుంచి ఒక చిన్న వైరు తీసి మూతకో బాడీకో లగ్గుతో బిగించండి. కలిపాక మళ్లీ చూసినప్పుడు బీప్ రావాలి. అల్యూమినియం ప్రొఫైళ్ల మీద అనోడైజింగ్ పొర ఉంటుంది, అది కరెంటు పోనివ్వదు. లగ్గు పెట్టే చోట గీకి, మెరిసే లోహం కనబడ్డాకే బిగించండి. గాంట్రీ, అంటే స్పిండిల్‌ని మోసే అడ్డ దూలం, బేరింగుల మీద కదిలేది కాబట్టి ఫ్రేమ్‌కి ఎర్త్ చేశాం కదా అని వదిలేయకుండా, కేబుల్ చైన్‌లో ఒక పచ్చ వైరు గాంట్రీ దాకా తీసుకెళ్లండి.

డ్రైవ్ ఎర్త్, స్పిండిల్ ఎర్త్, ఫ్రేమ్ ఎర్త్, కంట్రోలర్ పవర్ సప్లై ఎర్త్ అన్నీ ప్యానెల్‌లో ఒకే రాగి బద్దీకి వచ్చి, అక్కడి నుంచి ఒకే వైరుగా షెడ్డు మెయిన్ ఎర్త్‌కి పోవాలి. సీఎన్‌సీకి స్పెషల్‌గా ఇంకో రాడ్ పాతమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా తగులుతారు. మెయిన్ ఎర్త్‌కి కలపకుండా విడిగా పాతితే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వచ్చి కంట్రోలర్ బోర్డు మీద పడుతుంది. న్యూట్రల్‌నే ఎర్త్‌గా వాడదామనేవాళ్ల మాట అసలు వినొద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మెషీన్ బాడీ అంతా ఫేజు అవుతుంది. ఉన్న ఎర్తు గుంతను బాగుచేయించి, ఉప్పు, బొగ్గు వేయించి, ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు పోస్తే చాలు.

ఇక గుయ్యిమని మోగడం. మీ స్పిండిల్‌కి పెద్ద గండం తప్పింది. అది 400 హెర్ట్జ్ దగ్గర 220 వోల్టులు తీసుకునేలా చుట్టిన మోటారు. అంటే ఒక్కో హెర్ట్జ్‌కి 0.55 వోల్టు. 50 హెర్ట్జ్ దగ్గర దానికి కావలసింది ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వోల్టులు. డ్రైవ్ ఫ్యాక్టరీ సెట్టింగ్ మామూలు మోటార్ల కోసం, అంటే 50 హెర్ట్జ్ దగ్గరే పూర్తి 220 ఇచ్చేలా ఉంటుంది. మీరు రన్ నొక్కినప్పుడు స్పిండిల్ మీద ఎనిమిది రెట్ల వోల్టేజీ పడింది. లోపలి ఇనుము సాచురేట్ అయిపోయి, అంటే ఇక అయస్కాంత శక్తి పట్టలేనంత నిండిపోయి, కరెంటు అంతా వేడిగా మారింది. కొత్త స్పిండిళ్లు మొదటి రోజే కాలిపోవడానికి ఈ సెట్టింగ్ కూడా ఒక కారణం. పాపం చాలామంది వైర్లన్నీ సరిగ్గా కలిపి, ఇక్కడ దెబ్బతింటారు.

అందుకే స్పిండిల్ కేబుల్ కలపకుండా, డ్రైవ్‌కి కరెంటు మాత్రం ఇచ్చి సెట్టింగులు చేయండి. పాతవి ఎవరు ఏం మార్చారో తెలియదు కాబట్టి ముందు పీడీ013 అనే సెట్టింగులో 8 వేసి ఫ్యాక్టరీకి రీసెట్ చేయండి. తర్వాత పీడీ005, అంటే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, 400. అది ముందు మార్చకపోతే మిగతావి 50 దాటనివ్వదు. తర్వాత బేస్ ఫ్రీక్వెన్సీ పీడీ004 కూడా 400. మీ స్పిండిల్‌ని కాపాడేది ఇదే, కాబట్టి రెండోసారి తెరిచి చూసుకోండి. పీడీ003, అంటే నడిపే ఫ్రీక్వెన్సీ, కూడా 400. పీడీ008, అంటే గరిష్ఠ వోల్టేజీ, 220 వోల్టులు. పీడీ011 కనిష్ఠ ఫ్రీక్వెన్సీ, 100 పెట్టండి, దానికి దిగువన ఈ స్పిండిల్‌కి బలం ఉండదు. పీడీ141లో మోటారు వోల్టేజీ 220, పీడీ142లో మోటారు కరెంటు, మీ నేమ్‌ప్లేట్ మీదున్న 8 ఆంపియర్లు, పీడీ143లో పోల్స్ 2. పీడీ144 అనేది 50 హెర్ట్జ్ దగ్గర ఎన్ని ఆర్‌పీఎం అని, దానికి 3000. రెండు పోల్స్ మోటారు 50 దగ్గర 3000 అయితే 400 దగ్గర 24000, లెక్క సరిపోయింది. పీడీ014, పీడీ015 వేగం పెరిగే, తగ్గే టైములు. రెండూ పది సెకన్లు పెట్టండి. ఆగే టైము మరీ తగ్గిస్తే తిరుగుతున్న స్పిండిల్ జనరేటర్‌లా వెనక్కి కరెంటు పంపి ఓవర్ వోల్టేజ్ ఫాల్ట్ తెప్పిస్తుంది. ఈ నంబర్లు హువాన్‌యాంగ్ హెచ్‌వై సిరీస్‌వి. మీది దాన్ని పోలిన వేరే డ్రైవ్ అయితే నంబర్లు మారతాయి, మాన్యువల్ తెరిచి అవే పేర్లు వెతకండి.

మెగ్గర్‌లో స్పిండిల్ బాగుందని తేలితే, మూడు వైండింగ్‌ల ఓమ్స్ కూడా జంటలు జంటలుగా చూడండి. మూడూ దాదాపు ఒకటే రావాలి. తర్వాత పంపు ఆన్ చేసి, గొట్టం నుంచి నీళ్లు తొట్టిలో తిరిగి పడుతున్నాయని కళ్లారా చూసి, బిట్టుని పట్టి ఉంచే కోలెట్ నట్టు తీసేసి, 6000 ఆర్‌పీఎం దగ్గర కాసేపు తిప్పండి. పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి. ఆగుతున్నప్పుడు చూస్తే దిశ తేలిగ్గా తెలుస్తుంది. ఉల్టా అయితే కరెంటు ఆపి, యు, వి, డబ్ల్యూలలో ఏవైనా రెండు మార్చండి. సరిగ్గా ఉంటే మెల్లగా 12000, 18000, చివరికి 24000. బాడీ గోరువెచ్చగా ఉండాలి, అంతే. స్పిండిల్ తిరుగుతుండగా ఆ గుండ్రటి ప్లగ్ ఎప్పుడూ పీకొద్దు. డ్రైవ్‌కీ స్పిండిల్‌కీ మధ్య స్విచ్ గానీ కాంటాక్టర్ గానీ పెట్టొద్దు.

లిమిట్ అలారానికి వద్దాం. మీ లిమిట్ స్విచ్ వైర్లు స్పిండిల్ కేబుల్‌తో కలిపి ఒకే కేబుల్ చైన్‌లో టై వేసి ఉంటాయని నా అనుమానం. స్పిండిల్‌కి 1.5 స్క్వేర్ ఎంఎం, నాలుగు కోర్ల షీల్డెడ్ కేబుల్ వాడండి. దాని అల్లిక షీల్డ్‌ని డ్రైవ్ దగ్గర క్లాంపుతో ప్యానెల్ ప్లేటుకి, స్పిండిల్ దగ్గర ప్లగ్ లోహపు తొడుగుకి, రెండు చివరలా కలపాలి. లిమిట్ స్విచ్‌ల వైర్లకు మాత్రం షీల్డ్ కంట్రోలర్ వైపు ఒక్క చివరే ఎర్త్ అవ్వాలి. రెండు రకాల కేబుళ్లూ వీలైనంత దూరంగా పోవాలి, దాటక తప్పని చోట అడ్డంగా దాటాలి. జీఆర్‌బీఎల్ బోర్డులో లిమిట్ ఇన్‌పుట్‌లు చాలా సున్నితం. షీల్డ్ వేశాక కూడా అలారం వస్తే వెలుతురు ద్వారా సిగ్నల్ దాటించి నాయిస్‌ని ఆపే ఆప్టో ఐసొలేటర్ బోర్డు ఒకటి మధ్యలో పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో లిమిట్లు ఆఫ్ చేసుకుని పనిచేసేవాళ్లు ఉన్నారు, వాళ్లలా చేయొద్దు.

స్పీడ్ కంప్యూటర్ నుంచే మార్చాలంటే పీడీ001 (స్టార్ట్ ఎక్కడి నుంచి), పీడీ002 (స్పీడ్ ఎక్కడి నుంచి) రెండూ 1, పీడీ070 (ఇన్‌పుట్ రకం)లో 0, పీడీ072 (పూర్తి ఇన్‌పుట్ దగ్గర ఫ్రీక్వెన్సీ)లో 400. బోర్డు ఇచ్చే 5 వోల్టుల పీడబ్ల్యూఎం సిగ్నల్‌ని 0 నుంచి 10 వోల్టులుగా మార్చే చిన్న కన్వర్టర్ బోర్డు నుంచి వీఐ, ఏసీఎం స్క్రూలకు రెండు వైర్లు. స్టార్ట్ కోసం ఒక రిలే కాంటాక్టు ఎఫ్‌ఓఆర్, డీసీఎం మధ్య. జీఆర్‌బీఎల్‌లో $30ని (గరిష్ఠ ఆర్‌పీఎం) 24000 చేయండి, $32 (లేజర్ మోడ్) సున్నాలో ఉండాలి. మొదటి నెల మాత్రం డ్రైవ్ మీదున్న నాబ్‌తోనే నడపండి. పని జరుగుతుంది, గందరగోళం తక్కువ.

డ్రైవ్‌ని షెడ్డులో పొట్టు ఎగిరే చోట ఓపెన్‌గా పెట్టకండి. ఇనుప బాక్సులో, పైనా కిందా పది సెంటీమీటర్ల ఖాళీతో, గాలి వచ్చే వైపు ఫిల్టర్‌తో పెట్టండి. వైర్లు దూరే రంధ్రాలకు గ్లాండ్లు బిగించండి, లేకపోతే వెచ్చదనానికి బల్లి చేరుతుంది. 325 వోల్టుల డీసీ మీద బల్లి అడ్డం పడితే దానికీ నష్టమే, మీకూ నష్టమే. తొట్టిలో బోరు నీళ్లు పోస్తే సన్నటి దారుల్లో ఉప్పు పేరుకుంటుంది, ఆర్‌ఓ నీళ్లు పోయండి. మీ వైపు మే నెల ఎండలకు పది లీటర్ల తొట్టి చాలదు, పెద్ద డ్రమ్ము పెట్టండి.

స్టెబిలైజర్ కొనొద్దు. వోల్టేజీ 200కీ 250కీ మధ్య ఆడుతున్నంతవరకు డ్రైవ్ తానే సర్దుకుంటుంది. షెడ్డులో సాయంత్రం 170, 180కి పడిపోతుంటే స్టెబిలైజర్ ఎంత పెద్దది పెట్టినా ఆ లైను మీద అంతకంటే ఎక్కువ కరెంటు లాగుతుందే తప్ప లాభం లేదు. లైన్‌మన్‌తో మాట్లాడి, ఉన్న మూడు ఫేజుల్లో లోడ్ తక్కువున్న ఫేజు మీదికి ఈ లైన్‌ని మార్పించుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద స్పిండిల్ నడపాలనే ఆలోచన ఉంటే అది కుదరదు. కంప్యూటర్‌ని, మోటార్ డ్రైవర్లను యూపీఎస్ మీద పెట్టుకున్నా ఒక మెలిక ఉంది. కరెంటు పోతే స్పిండిల్ ఆగిపోతుంది, గాంట్రీ మాత్రం కదులుతూనే ఉంటుంది, బిట్టు చెక్కలో విరుగుతుంది. అలా పెడితే డ్రైవ్‌కి వెళ్లే లైన్ మీదే 230 వోల్టుల కాయిల్ రిలే ఒకటి పెట్టి, దాని కాంటాక్టుని కంట్రోలర్‌లో కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ పిన్నుకి కలపండి. కరెంటు పోగానే రెండూ ఆగుతాయి.

శనివారం ఎలక్ట్రీషియన్ గారు వచ్చేసరికి 4 స్క్వేర్ ఎంఎం వైరు, 25 ఆంపియర్ల ఎంసీబీ, లగ్గులు తెచ్చి ఉంచండి, మెగ్గర్ ఆయన్నే తెచ్చుకోమని ముందే ఫోన్ చేయండి.